మూడో నంబరు: నాన్నతో మాచ్‌ఖండ్ దాకా

సోమవారం

కిరండూల్ పాసింజర్ విశాఖపట్నంలో కదిలేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కిటికీ పక్క సీటు నాన్నది. ఆయనకు ఎనభై ఒకటి. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో అమ్మ కట్టిన పులిహోర, డబ్బా చుట్టూ మఫ్లరు. "కొరాపుట్ చలి నీకు తెలీదు" అని నాకూ ఒక మఫ్లరు కొనిపించాడు. నిజానికి నేను పుట్టింది ఆ చలిలోనే, 1974లో, ఒడిశా కొరాపుట్ జిల్లాలోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు కాలనీలో. ఆరేళ్ళప్పుడు వచ్చేశాం కాబట్టి గుర్తున్నది తక్కువ.

మా ఇంట్లో ఒక అలవాటుంది. కరెంటు పోగానే నాన్న గోడ గడియారం వంక చూసి, "మూడో నంబరు ట్రిప్పయినట్టుంది" అంటాడు. మూడో నంబరంటే మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో ఆయన ఫిట్టరుగా పనిచేసిన యూనిట్, కరెంటు తీసే యంత్రాల్లో మూడోది. అక్కణ్ణించి బదిలీ అయి నలభై అయిదేళ్ళు దాటింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉడుత పడి చచ్చినా సరే, మా ఇంట్లో తప్పు మాత్రం మూడో నంబరుదే.

నేను టౌన్ ప్లానర్‌ని. విశాఖలో ఒక చిన్న కన్సల్టెన్సీలో ఉద్యోగం. ఈమధ్య మా చేతికి విజయనగరం అవతల నూట నలభై ఎకరాల టౌన్‌షిప్ పని వచ్చింది. ప్రతి కప్పు మీదా సోలార్, లోపలికి పెట్రోలు బళ్ళు రావు, బ్రోషర్ మీద 'నెట్ జీరో' అని ఆకుపచ్చ అక్షరాలు. ఒక ఆదివారం డ్రాయింగు బల్ల మీద పరిచి ఉంటే నాన్న వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రాత్రి ఏటి చేస్తార్రా?" అన్నాడు.

"గ్రిడ్ నుంచి తీసుకుంటాం నాన్నా. పగలు మిగిలింది గ్రిడ్‌కి ఇచ్చేస్తాం, రాత్రి తీసుకుంటాం. ఏడాది చివర్లో లెక్క సున్నా."

"గ్రిడ్ అంటే?"

నేను చెప్పబోయేలోగా ఆయనే అన్నాడు, "గ్రిడ్ అంటే మేమేరా."

ఆ వారంలోనే టికెట్లు తీశాను.

బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్ణించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. సొరంగాలు వస్తూనే ఉంటాయి. సిమిలిగుడ స్టేషన్ దగ్గర సముద్రానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాం. అరకు దాటాక రెండు పక్కలా వలిసె పూలు, కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు. ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు వస్తే మా బండి పక్కకి తప్పుకుని ఆగింది. ఈ లైను మీద మనుషులకంటే రాళ్ళకే తొందర ఎక్కువ.

అలా ఆగిన ఒక స్టేషన్‌లో నాన్నకి మస్దర్ సిటీ గురించి చెప్పాను, కాలుష్యం లేని ఊరుగా తలపెట్టింది. 2019లో ఆఫీసు తరఫున అబుదాబి వెళ్ళి మూడు రోజులు చూసొచ్చాను. 2006లో ప్రకటించారు, 2008లో పని మొదలైంది. ఎడారిలో ఆరు చదరపు కిలోమీటర్లు. ప్లాన్ గీసింది ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్, మన అమరావతి అసెంబ్లీ, హైకోర్టులకు డిజైన్లు ఇచ్చిందీ వాళ్ళే. సందులు కావాలనే ఇరుగ్గా పెట్టారు, ఒక గోడ నీడ ఎదుటి గోడ మీద పడేట్టు. మధ్యలో 45 మీటర్ల గాలి గోపురం పైనుంచి గాలిని లాగి కింద కూర్చున్నవాళ్ళ మీదికి వదులుతుంది. మిట్ట మధ్యాహ్నం ఆ గోపురం కింద నేను టీ తాగాను, చెమట పట్టలేదు. అది మాత్రం మెచ్చుకోవాల్సిందే. డ్రైవరు లేని బుల్లి బళ్ళు నేలలో పాతిన అయస్కాంతాలను పట్టుకుని నడుస్తాయి. ఊరంతా తిరగాల్సినవి, మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాయి.

"కరెంటో?"

"ఊరి అంచున సోలార్ ప్లాంటు ఉంది. పది మెగావాట్లు."

"పదే!" అన్నాడు నాన్న. ఎదురు సీటు ఆయన ఉలిక్కిపడి చూశాడు. "మాది నూట ఇరవై!"

కావలసిన కరెంటంతా ఊరి హద్దులోనే తయారుచేసుకోవాలన్నది మస్దర్ మొదటి మాట. 2010లో లెక్కలు తిరగేసుకుని, బయటనుంచి తెచ్చుకున్నా సరే అనుకున్నారు. 2016కి పూర్తి కావాల్సిన ఊరు 2030కి జరిగింది. అది విని నాన్న సంతోషించినట్టే కనిపించాడు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది, వాళ్ళ తరఫున. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఎడారిలో అంత మాట అనడానికైనా ధైర్యం కావాలి కదా.

కొరాపుట్‌లో దిగేసరికి ఎండ వాలిపోయింది. లాడ్జి బోర్డు మీద 'సోలార్ హాట్ వాటర్ 24 గంటలు' అని ఉంది. పొద్దున్న అయిదింటికి కుళాయి తిప్పితే మంచు నీళ్ళు. కౌంటర్ కుర్రాణ్ణి అడిగితే, "రాత్రి పెళ్ళి పార్టీ దిగింది సార్, ట్యాంకు వాళ్ళే వాడేశారు" అన్నాడు.

మంగళవారం

టాక్సీ డ్రైవరు సెమిలిగుడ కుర్రాడు. తాతగారు సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి వచ్చి బట్టల మూటలు అమ్మేవాడట. మాతో తెలుగు, ఫోన్లో ఒడియా, రోడ్డు మీద ఆవులను అదిలించేటప్పుడు ఈ కొండల్లో మాట్లాడే దేశియా. ఏ భాషలో ఉన్నాడో అతనికే తెలియనంత సులువుగా మారిపోతున్నాడు.

మొదట సునాబెడ. 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం ఎచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టారు. ఫ్యాక్టరీతోపాటే ఊరూ గీశారు. వెడల్పు రోడ్లు, రెండు పక్కలా చెట్లు, సెక్టార్లు, క్వార్టర్లకి వెనక పెరడు. ప్లానర్ కళ్ళతో చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పిల్లలు బడికి నడిచి వెళ్తారు, అంగడి నడిచే దూరం. మేం బ్రోషర్లో 'వాకబుల్ నైబర్‌హుడ్' అని రాసుకునేది అరవై ఏళ్ళ కిందట పేరు పెట్టకుండానే కట్టేశారు. బరా (మన గారె), ఘుగుని (బఠాణీ కూర) తిన్న కొట్టు ఆవిడది పార్వతీపురం దగ్గర ఊరు. నాన్న యాస వినగానే, "మనోళ్ళేనా బాబూ?" అని ఇంకో బరా వేసింది. డబ్బులు మాత్రం దానికీ తీసుకుంది.

దమంజోడి సాయంత్రానికి చాల్లే అనుకున్నాం గానీ నాన్నకి అక్కడే ఎక్కువసేపు పట్టింది. నాల్కో ఊరది. 1981లో పుట్టిన ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ. పంచ్‌పట్‌మాలి కొండ మీద అల్యూమినియం ఖనిజం బాక్సైట్ తవ్వుతారు. కొండ మీదనుంచి రిఫైనరీ దాకా 14.6 కిలోమీటర్ల పొడవున ఒకే కన్వేయర్ బెల్టు వంపులు తిరుగుతూ దిగుతుంది. రోడ్డు పక్కన కారు ఆపించి నాన్న దాన్ని చూస్తూ నిలబడ్డాడు. మెషిన్లంటే ఆయనకు దేవుడి ఉత్సవం చూసినట్టే.

ఇక్కడ ఎర్ర మట్టి తెల్లటి అల్యూమినా పొడి అవుతుంది. కొంత అంగుల్ స్మెల్టర్‌కి, కొంత విశాఖ రేవు మీదుగా విదేశాలకు పోతుంది. రెండు టన్నుల పొడి కరిగిస్తే ఒక టన్ను అల్యూమినియం వస్తుంది, ఆ కరిగించడానికి టన్నుకి సుమారు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. విజయనగరంలో మా ఇంటికి నెలకు రెండు వందల యూనిట్లు కాలుతుంది. అంటే మా ఇల్లు దాదాపు ఆరేళ్ళు వెలిగే కరెంటు ఒక్క టన్నులో పోతుందన్నమాట. అంగుల్‌లో ఆ కరెంటు బొగ్గుది, ఇక్కడ రిఫైనరీ ఆవిరీ బొగ్గుదే. అదే కంపెనీకి మన గండికోట దగ్గర 50.4 మెగావాట్ల గాలిమరలున్నాయి.

ఇదంతా ఎందుకు లెక్క వేశానంటే, మా టౌన్‌షిప్ కప్పుల మీద పరవబోయే ప్రతి సోలార్ ప్యానెల్‌కీ చుట్టూ ఉండే చట్రం అల్యూమినియమే. దాన్ని నిలబెట్టే పట్టీలూ చాలావరకు అదే. మా డ్రాయింగులో స్థలం హద్దు ఎర్ర గీత. ఆ గీత లోపల లెక్క సున్నా రావాలి. ఈ కొండ, ఈ బెల్టు, అంగుల్ బొగ్గు ఆ గీతకు బయట.

అలాగని ప్యానెళ్ళు వద్దనే రకాన్ని కాను. పెట్టిన చట్రం పాతికేళ్ళు ఎండలో నిలబడుతుంది, తర్వాత కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు, అప్పుడు మొదటిసారి పట్టిన కరెంటులో చాలా కొద్దిగానే పడుతుంది. ఇబ్బందల్లా ఆ ఎర్ర గీతతోనే. గీసింది నేనే.

బుధవారం

జయపురం. కొరాపుట్ నుంచి ఘాటు దిగితే ఒక్కసారిగా వరి మళ్ళు, రైసు మిల్లులు, ఉక్కపోత. 1936 ఏప్రిల్ ఒకటిన ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఈ సంస్థానం వైజాగపట్నం జిల్లాలోదే. ఇక్కడి మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులో రాశాడు. ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చాడు, అక్కడి సైన్సు కాలేజీకి ఇప్పటికీ ఆయన పేరే. నేను ఆ క్యాంపస్‌లోనే చదివాను. అన్నేళ్ళు ఆ బోర్డు కింద నడుస్తూ జయపురం ఎక్కడుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మధ్యాహ్నం నాన్న పాత స్నేహితుడి కొడుకు ఇంట్లో భోజనం. అతనికి మెయిన్ రోడ్డులో పైపుల షాపు. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాడు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇచ్చిందని చెప్పి, మమ్మల్ని నేరుగా డాబా మీదికే తీసుకెళ్ళాడు, చేతులు కడుక్కోకముందే.

"మూడు కిలోవాట్లకి రోజుకి పన్నెండు యూనిట్లు వస్తాయి అంకుల్, ఎండ బాగుంటే. వానాకాలం మాటెత్తకండి."

"కోతులో?" అన్నాడు నాన్న.

అతను నీరసంగా నవ్వాడు. కోతులు ప్యానెళ్ళ మీద కూర్చుని చలి కాచుకుంటాయట. వైర్లు పీకుతాయి, గలీజు చేస్తాయి. పదిహేను రోజులకొకసారి తుడవాలి, తుడిచే కుర్రాడు రాకపోతే మీటరు మీద అంకె తగ్గడం కళ్ళ ముందే కనిపిస్తుంది. మస్దర్‌లో ప్యానెళ్ళు తుడుస్తూ నాకొకతను కనిపించాడు, మాది సోంపేట అన్నాడు. ఇసుక గాలి వచ్చిన మర్నాడు పని రెండింతలు. అతను ఉండేది ఆ ఊళ్ళో కాదు, బస్సెక్కి వెళ్ళే క్యాంపులో. మా బ్రోషర్లో కూడా ప్యానెళ్ళు తుడిచేవాళ్ళకి ఇళ్ళు లేవు. ఈ సంగతి నాకు జయపురంలో డాబా మీద, కోతి పేడ చూస్తుంటే తట్టింది.

పగలు నడిచే షాపులకైతే సోలార్ సరిపోతుంది, అదీ పగలే వస్తుంది కాబట్టి. ఇళ్ళ సంగతి అలా కాదు. ఫ్యాన్లు, టీవీలు, ఏసీలు అన్నీ రాత్రి ఏడు తర్వాతే. గుజరాత్‌లో మొఢేరాని 2022 అక్టోబరులో సోలార్ ఊరుగా ప్రకటించినప్పుడు 6 మెగావాట్ల ప్లాంటు, 1,300కు పైగా ఇళ్ళ మీద కిలోవాటు చొప్పున ప్యానెళ్ళు పెట్టి, వాటితోపాటు 15 మెగావాట్ అవర్ల బ్యాటరీ కూడా పెట్టారు. ఆ బ్యాటరీయే అసలు ఖర్చు. మా క్లయింటు మొదటి మీటింగులోనే కొట్టేసింది బ్యాటరీ గదినే. ఆ చోట ఇప్పుడు యోగా హాలు ఉంది.

సాయంత్రం ఎగువ కొలాబ్ పవర్‌హౌస్ వైపు ఊరికే ఒక తిప్పు తిరిగాం. కొండ మీద జలాశయం, సొరంగంలోంచి నీళ్ళు ఈ దిగువకి, నాలుగు యూనిట్లు, 320 మెగావాట్లు. కరెంటు తీశాక ఆ నీళ్ళే జయపురం వరికి. ఈ కొలాబే కిందికి పోయి మనకి శబరి అవుతుంది. నాన్న కారు దిగలేదు. "కొత్తది" అన్నాడు, కొత్తకోడలి గురించి అన్నట్టు.

గురువారం

ఒనకఢిల్లీ సంత గురువారం. అందుకే ప్రయాణం అలా కుదుర్చుకున్నాం. లమతాపుట్ దాటాక దారి సన్నబడింది. రాత్రి నాన్న నిద్రపోయినట్టు లేదు, పొద్దున్న గెడ్డం రెండుసార్లు గీసుకున్నాడు.

సంతలో పసుపు కొమ్ములు, అల్లం, కొండ చీపుళ్ళు, ఎండు చేపలు, చోళ్ళు. మెడ నిండా పూసల దండలతో బొండా తెగ ఆడవాళ్ళు దిగి వచ్చి కూర్చున్నారు. ఎవరో టూరిస్టు ఫోన్ ఎత్తితే ఒకావిడ చేట అడ్డం పెట్టుకుంది. నేను ఫోన్ జేబులోనే ఉంచాను. నాన్న వంగి అల్లం బేరమాడుతున్నాడు, నలభై అయిదేళ్ళ కిందటి దేశియాలో. ఆవిడ నవ్వి, ఆయన చెప్పిన ధరకి రెండింతలు చెప్పింది.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అప్పటి మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు కలిసి తలపెట్టింది. జోలాపుట్ దగ్గర పెద్ద జలాశయం, కింద డుడుమ దగ్గర నీటిని మళ్ళించే చిన్న ఆనకట్ట, అక్కణ్ణించి కాలువ, కొండ అంచు నుంచి లోయలోకి గొట్టాలు, అడుగున పవర్‌హౌస్. మొదటి యూనిట్‌ని 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. ఒప్పందం ప్రకారం మొదట్లో డెబ్బై పాళ్ళు ఆంధ్రకి, ముప్పై ఒడిశాకి. విశాఖపట్నం పెద్ద ఊరయింది ఈ కరెంటుతోనే అంటాడు నాన్న. ఓడరేవు, షిప్‌యార్డు ఆయన దృష్టిలో మూడో నంబరు పిల్లలు.

డుడుమ జలపాతం 175 మీటర్లు. నీళ్ళు గొట్టాల్లోకి పోతాయి కాబట్టి మేం చూసినప్పుడు బండ మీద తెల్ల దారం వేలాడినట్టుంది. చప్పుడు లేదు. "వానాకాలం రావాలి" అన్నాడు డ్రైవరు, జలపాతం తరఫున సంజాయిషీ ఇస్తూ.

పవర్‌హౌస్‌కి దిగేది వించ్ మీద. పట్టాల మీద ఇనుప తాడుతో కిందికి దింపే పెట్టె అది. ముందుగా పర్మిషన్ తీసుకోవాలి, మేం రాసుకోలేదు, తప్పు మాదే. పైన నిలబడి చూశాం. లోయ అడుగున అగ్గిపెట్టెంత కట్టడం. నాన్న చెవి ఒక పక్కకి వంచాడు. నాకేమీ వినబడలేదు. "తిరుగుతున్నాయి. నాలుగో, అయిదో" అన్నాడు. మూడో నంబరు సంగతి అడగబోయి మానేశాను.

కాలనీలో మేమున్న క్వార్టరు దొరికింది. అందులో ఉంటున్నావిడది బొబ్బిలి. "రండి బాబూ, మీ ఇల్లే కదా" అని లోపలికి పిలిచి టీ పెట్టింది. వంటింట్లో మోకాలి ఎత్తులో గోడకి నల్లటి గుండ్రటి ప్లగ్ పాయింటు. నాన్న దాన్ని వేలితో తట్టాడు. "ఇది నేను పెట్టిందే. హీటర్ కోసం. మీ అమ్మ నిన్ను ఇక్కడే ఒళ్ళో వేసుకుని కూర్చునేది."

నాకు గుర్తున్నది ఒక్కటే, వెలుగు. రాత్రంతా కాలనీ వీధుల్లో దీపాలు. నీళ్ళు, ఆసుపత్రి, బడి, క్లబ్బు, సినిమా తెర. బొగ్గు పొగ లేదు, ఊరికి కావలసిన కరెంటంతా పక్కనే పారే నీళ్ళది. మేం ఇప్పుడు కోట్లు పోసి గీయిస్తున్న ఊరు 1950లలోనే ఇక్కడ ఉంది. గర్వంగానే అన్నాను ఆ మాట.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. పనిలో చేరిన కొత్తలో కొన్నాళ్ళు ఆయన్ని లైను గస్తీకి వేశారట. టవర్ల వెంట నడుచుకుంటూ పోవాలి. ఒక టవరు కింద ఇరవై గుడిసెలు. జోలాపుట్ కింద మునిగిన ఊళ్ళ నుంచి లేచొచ్చి వేసుకున్నవాళ్ళు. ఆ జలాశయం దాదాపు మూడు వేల కుటుంబాలను కదిలించింది. వెళ్ళినప్పుడల్లా వాళ్ళు తీగలు చూపించి, మాకో దీపం ఇవ్వరా బాబూ అని అడిగేవారు.

"ఆ తీగలో లక్షా ముప్పై రెండు వేల వోల్టులు. అందులోంచి ఒక బల్బుకి తీయడం కుదరదు, సబ్‌స్టేషన్ కావాలి అని చెప్పేవాణ్ణి. అది నిజమే."

కాసేపు ఊరుకున్నాడు.

"సబ్‌స్టేషన్ కావాలని పైకి రాయొచ్చు కదా అని ఒకామె అడిగింది. రాసే హోదా నాది కాదన్నాను. అదీ నిజమే."

బొబ్బిలి ఆవిడ ఇంకొంచెం టీ పోయనా అని అడిగింది. పోయమన్నాడు.

రాత్రి జయపురం లాడ్జిలో లాప్‌టాప్ తీసి మా టౌన్‌షిప్ ప్లాన్ తెరిచాను. ఎర్ర గీత చుట్టూ అంతా తెల్ల కాగితమే. ప్లానులో గీతకు బయట ఏమీ గీయం, అది మా వృత్తిలో పద్ధతి. అక్కడొక కొత్త షీటు తెరిచి, రాత్రి పది గంటలకు ఆ ఊరికి కరెంటు ఎక్కడెక్కణ్ణించి వస్తుందో వేయడం మొదలుపెట్టాను. కాగితం సరిపోలేదు.

శుక్రవారం

తెల్లారుజామున బయల్దేరి బైపరిగుడ, గోవిందపల్లి మీదుగా మల్కన్‌గిరి జిల్లాలోకి దిగాం. మధ్యలో టైరు పంక్చరు. స్టెప్నీలో గాలి లేదు. ఒక లారీ ఆయన దయ తలిచి ఎక్కించుకున్న గంటన్నర తర్వాత డ్రైవరు టైరుతో తిరిగొచ్చాడు. అప్పటికి పులిహోర డబ్బా ఖాళీ.

మాచ్‌ఖండ్ కింద పారిన నీళ్ళే ఇక్కడ సీలేరు పేరుతో బలిమెల జలాశయం అవుతాయి. నీళ్ళు రెండు రాష్ట్రాలకి సగం సగం. ఒడిశా సగం బలిమెల పవర్‌హౌస్‌లో 510 మెగావాట్ల యంత్రాల మీదుగా పొట్టేరు కాలువలకి. మన సగం కిందికి, ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460 మెగావాట్లు, ఆ తర్వాత శబరిలో కలిసి గోదావరికి. ఒకే నీళ్ళు ఇన్నిసార్లు పనిచేస్తాయి. నాన్న భాషలో చెప్పాలంటే ఓవర్‌టైము.

జలాశయం నిండినప్పుడు 151 ఊళ్ళు ఒడిశా గడ్డ నుంచి తెగిపోయాయి. మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క ఆంధ్రా కొండలు. కటాఫ్ ఏరియా అనే పేరు అలా వచ్చింది. బయటికి రావాలంటే లాంచీ. 2008 జూన్‌లో గ్రేహౌండ్స్ జవాన్ల లాంచీ మీద దాడి జరిగింది ఈ నీళ్ళలోనే, తెలుగువాళ్ళకి ఈ జలాశయం పేరు గుర్తుండేది దాంతోనే. గురుప్రియ వంతెన 2018 జులై 26న తెరిచారు, 910 మీటర్లు. ఇప్పుడు ఆ ప్రాంతాన్ని స్వాభిమాన్ అంచల్ అంటున్నారు.

నాన్న వంతెన మధ్యదాకా నడిచాడు. నేను గొడుగు పట్టాను. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. కింద మునిగిన చెట్ల మోడులు.

చిత్రకొండలో టీ కొట్టు నడిపే ఆయన తెలుగువాడే. ఆయన తండ్రి డ్యాము పనికి వచ్చి ఉండిపోయాడు. భార్యది అవతలి ఊరు. పెళ్ళయిన కొత్తలో అత్తారింట్లో కిరసనాయిలు బుడ్డే అన్నాడు. జలాశయం ఒడ్డున ఇల్లు, ఆ నీళ్ళతో ఎక్కడో ఊళ్ళు వెలుగుతున్నాయి, ఇంట్లో బుడ్డి. వంతెన కంటే ముందు ఎవరో వచ్చి ఇంటికో సోలార్ దీపం ఇచ్చారట. ఫోటోలు తీసుకుని వెళ్ళారు. రెండేళ్ళు బాగానే వెలిగింది, తర్వాత బ్యాటరీ పోయింది. కొత్త బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో చెప్పినవాళ్ళు లేరు.

"ప్యానెల్ ఏం చేశారు?" అన్నాను.

"నీళ్ళ డ్రమ్ము మీద మూత సార్. గట్టిది, కుక్కలు తొయ్యలేవు."

ఇప్పుడు తీగ కరెంటు వచ్చింది. గాలివానకి పోతుంది, వస్తుంది. పోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు, అది చాలన్నాడు. నాన్న ఆయన నంబరు తీసుకుని తన పాత ఫోన్లో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ ఎక్కించుకున్నాడు. ఎందుకని నేనడగలేదు.

శనివారం

సీలేరు నుంచి చింతపల్లి, నర్సీపట్నం మీదుగా బస్సు. ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు రాబోతోందని నాన్నకి చెప్పాను. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళను పైకి తోడతారు, రాత్రి కరువైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నీళ్ళతో చేసిన బ్యాటరీ.

"నాలుగు యూనిట్లు పెట్టి తోడితే ఎన్ని తిరిగొస్తాయి?"

"మూడు."

"నష్టానికి యాపారమా!"

"పగటి నాలుగుకంటే రాత్రి మూడే ఖరీదు నాన్నా."

ఒక రెండు మలుపులు తిరిగేదాకా ఏమీ మాట్లాడలేదు. "అయితే మీ సోలార్ ఊరికి రాత్రి మళ్ళీ ఈ కొండే దిక్కన్నమాట" అన్నాడు. నవ్వుతున్నాడు. నాకైతే ఈ ఏర్పాటు నచ్చింది. కాకపోతే ఈసారి ఎవరి ఊళ్ళు ఎక్కడికి జరుగుతాయో, టవర్ల కింద ఎవరుంటారో కూడా షీటు మీద ఉండాలి. దారిలో సిగ్నల్ రాగానే మా బాసుకి ఆ కొత్త షీటు పంపించాను. నర్సీపట్నంలో జవాబొచ్చింది: "బాగుందండీ, కానీ బ్రోషర్లో కొండలెందుకు?" ఆ షీటు, బ్యాటరీ గది, తుడిచేవాళ్ళ ఇళ్ళు, మూడూ సోమవారం మీటింగులో పెడతానని రాశాను. యోగా హాలు ఆరుబయట కూడా చేసుకోవచ్చు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. అమ్మ అన్నం వడ్డించి చారు పోస్తుండగా కరెంటు పోయింది. నేను నాన్న వంక చూశాను. ఆయన గడియారం వంక చూశాడు. మూడో నంబరు అనలేదు. తడుముకుంటూ ఫోన్ తీసి, ఆ చిన్న వెలుగులో నంబరు వెతికి నొక్కాడు.

"నేనే బాబూ, నిన్న టీ తాగినవాణ్ణి, విజయనగరం నుంచి. ఇక్కడ కరెంటు పోయింది. మీకుందా?"

అవతలి గొంతు మాకూ వినబడింది. "ఉంది సార్. టీవీ చూస్తున్నాం."